నాడీముడిలో నిద్రించే సర్పి

'సర్పి' అన్న మాటలోనే పాకే గుణమున్నది. సంస్కృతంలో 'సృప్' ధాతువునకు ప్రాకుట అని అర్థం. గ్రీకువారి 'హెర్పెస్' కూడా ఆ అర్థం నుండి పుట్టినదే. భాషావేత్తలు ఈ రెంటినీ ఒకే మూలానికి చెందిన తోబుట్టువులుగా లెక్కిస్తారు. అయితే ఈ వ్యాధికి పాకడం కంటె దాగడం బాగా తెలుసు.

1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో చేరిన భద్రాచలం మన్యం చలిజ్వరాలకు పేరుపడినది. జ్వరపీడితుని పెదవి అంచున నీటిపొక్కులు లేస్తే, "మూతి పేలింది, ఇక జ్వరం దిగుతుంది" అనేవారు పెద్దలు. ఒంట్లోని వేడి బయటపడిందని వారి భావన. మలేరియా దోమకాటుతో వచ్చినది. పొక్కులు మాత్రం ఏనాడో, తరచు బాల్యంలోనే, ఒంట చేరిన హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌వి. అన్నాళ్ళూ అది ఎక్కడ దాగినట్లు?

ముఖానికి పోయే నాడుల ముడిలో అది నిద్రిస్తుందని 1929లో అమెరికా శాస్త్రజ్ఞుడు గుడ్‌పాశ్చర్ ప్రతిపాదించాడు. నాడీముడులలో అది దాగి ఉండగలదని 1971లో స్టీవెన్స్, కుక్ అనేవారు ఎలుకలలో నిరూపించారు. మరి దానిని నిద్రలేపేదెవరు?

ఈ ప్రశ్నకు ఒక తాళంచెవి ఆ 1929లోనే దొరికింది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్క్‌తో కలిసి ఏటీపీ అనే పదార్థాన్ని కనుగొన్నారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏట కనుగొన్నాడు. కైనేజులనే ఎంజైములు ఏటీపీ నుండి ఫాస్ఫేటును తీసి వేరొక ప్రోటీనుకు అతికిస్తాయి. కణంలో అనేక ఆజ్ఞలు ఆ అతుకుతోనే నడుస్తాయి.

నాడీకణాన్ని పోషించే 'నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్' పంపే సంకేతం ఎడతెగక సాగినంతకాలం వైరస్ నిద్రిస్తుందనీ, తెగితే మేల్కొంటుందనీ ప్రయోగశాలలో పెంచిన నాడీకణాలలో 2010లో తేలింది. జె.ఎన్.కె. అనే ఆపత్సంకేతం అందినపుడు, వైరస్ జన్యువులను చుట్టి మూసిన హిస్టోనులపై ఫాస్ఫేటు చేరి ఆ మూత సడలుతుందని 2015లో కనుగొన్నారు. జ్వరవేళ శరీరం విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-1 నాడీకణాలను రేపి వైరస్‌ను లేపగలదని 2020లో ఎలుకల కణాలలో చూశారు.

కనుక జ్వరానికీ పొక్కుకూ పొత్తున్నదన్న మన్యపు పెద్దల పరిశీలన నిజమే. పొక్కు జ్వరాన్ని దించుతుందన్నది మాత్రం నిజం కాదు. మూతి పేలిందని రక్తపరీక్షను వాయిదా వేయరాదు. ఎసైక్లోవిర్ వంటి మందులు మేల్కొని వృద్ధిచెందే వైరస్‌నే అణచగలవు, నిద్రించేదానిని తాకలేవు. అందుచేత పొక్కులున్నవారు పసికందులను ముద్దాడరాదు. పెద్దలకు నాలుగునాళ్ళ మంటగా పోయేది, పురిటిబిడ్డకు ప్రాణాంతకం కావచ్చు.