అయిదుగురు కొడుకుల ఉత్తరం

అమెరికా అంతర్యుద్ధ కాలపు ఓదార్పు ఉత్తరాల్లో అన్నిటికన్నా పేరుపడ్డది 1864 నవంబరు 21న బోస్టన్‌లోని బిక్స్‌బీ అనే వితంతువుకు అబ్రహాం లింకన్ పేరిట వెళ్లింది. ఆమె కొడుకులు అయిదుగురు రణరంగంలో నేలకొరిగారని విని రాసినది. నాలుగు రోజులకే పత్రికలో అచ్చయింది. రాసింది లింకన్ కాదు, కార్యదర్శి జాన్ హే అని వాదించేవారూ ఉన్నారు. అంతకన్నా వింత ఏమిటంటే, పోరులో చనిపోయింది ఇద్దరే. సైనిక కార్యాలయానికి అందిన సమాచారమే తప్పు. అయినా ఉత్తరంలో దిద్దవలసింది ‘అయిదు’ అన్న ఒక్క మాటే. ఆ బిడ్డల పేర్లు గానీ, స్వభావం గానీ అందులో లేవు. ఉన్నదల్లా దేశం, త్యాగం, గర్వం. ఎంత గొప్ప వచనమైనా, అది ఏ తల్లికైనా సరిపోతుంది కనుకే ఈ తల్లికి తక్కువైందని నా వాదం.

లింకనే మూడేళ్ల ముందు రాసిన మరో ఉత్తరం చూడండి. 1861 మే 24న అలెగ్జాండ్రియాలో ఒక హోటలు మీది తిరుగుబాటు జెండాను దించి వస్తూ ఎల్మర్ ఎల్స్‌వర్త్ అనే 24 ఏళ్ల కల్నల్ తుపాకీ గుండుకు బలయ్యాడు. అతడు లింకన్ దగ్గర న్యాయశాస్త్రం చదివినవాడు. మర్నాడే అతని తల్లిదండ్రులకు రాస్తూ, పరిచయమై రెండేళ్లు కూడా కాలేదని లింకన్ దాచకుండా చెప్పాడు. నలుగురిలో ఎంత బిడియపడేవాడో, అంత బిడియస్థుడికి జనాన్ని నడిపించే శక్తి ఎంత ఉండేదో, నోట ఏనాడూ చెడ్డమాట రాకపోవడం, అమ్మానాన్నలను మరవకపోవడం, ఇవన్నీ రాశాడు. ఈ ఉత్తరాన్ని ఇంకొకరి ఇంటికి పంపలేం. ఓదార్పుకు గీటురాయి అదే.

పాత పద్ధతి వేరు. శాంతిపర్వంలో కృష్ణుడు ధర్మరాజుకు వినిపించిన కథలో, కొడుకు పోయిన సృంజయుడికి నారదుడు పదహారుగురు మహారాజుల చావులు చెబుతాడు: నీ బిడ్డను మించినవాళ్లే పోయారు. తర్కం తిరుగులేనిదే. కానీ పోయిన ఆ బిడ్డ ఊసు అందులో ఎక్కడుంది?

లక్షల మంది చనిపోతే అధినేత అందరినీ ఎరిగుంటాడా అని అడగవచ్చు. ఎరగడు, ఎరగనక్కరలేదు. పక్కన ఉన్నవాడు రాస్తే చాలు. వాషింగ్టన్ ఆసుపత్రుల్లో తిరిగిన కవి వాల్ట్ విట్మన్ ఆ పనే చేశాడు. 1865 మే 1న కన్నుమూసిన ఫ్రాంక్ ఇర్విన్ అనే కార్పొరల్ తల్లికి రాస్తూ, కాలు తీసేసిన సంగతీ, చేయని తప్పుకు అధికారులు తనను నిందిస్తున్నట్టు కొడుకు చివరి రోజుల్లో కలవరించిన సంగతీ చెప్పాడు. నిజం తల్లిని గాయపరచదా? గాయపరుస్తుంది. కానీ కొడుకు ఒంటరిగా పోలేదని ఆమె నమ్మడానికి దగ్గరుండి చూసిన ఆ వివరమే సాక్ష్యం.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి బ్రిటన్‌లో ఆఫీసర్ల ఇళ్లకు తంతి, మామూలు సిపాయిల ఇళ్లకు ఖాళీలు పూరించిన అచ్చు ఫారం వెళ్లేవి. తర్వాత ఇచ్చిన కంచు బిళ్ల మీద మాత్రం హోదా వేయలేదు, పేరొక్కటే ఉంచారు. చావులో అందరూ సమానమే అన్న ఆ ఆలోచన ఉదాత్తమైనది, దాన్ని తక్కువచేయను. అయితే ఫారం వచ్చాక కొడుకు ఎలా ఉండేవాడో చెప్పే పని ప్రభుత్వానిది కాకుండా పోయింది. అది పై అధికారి మంచితనానికి, తోటి సిపాయి ఓపికకు మిగిలింది. ఇష్టం మీద వదలాల్సిన పని కాదది. ఫారంతో పాటు, అతన్ని ఎరిగినవాడు చేత్తో రాసిన ఒక పేజీ కూడా తప్పనిసరిగా వెళ్లి ఉండవలసింది.