రేమండ్, మిషెల్ జోకిం మరీ (1755–1798)

రెండో అసఫ్ జా నిజాం అలీ ఖాన్ కొలువులో పదాతి దళాలను నడిపిన ఫ్రెంచి సేనాని. 18వ శతాబ్దంలో కత్తిని నమ్ముకుని దక్కనుకు వచ్చిన యూరపువాళ్లు ఎందరో ఉన్నా, హైదరాబాదు జనం తమవాడిగా తలచుకున్నది ఈయననే. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఈయన వల్లే వచ్చింది.

రేమండ్ ప్రభువుల ఇంట పుట్టలేదు. ఫ్రాన్సు నైరుతి ప్రాంతమైన గాస్కనీలో వర్తక కుటుంబం వారిది. 1775లో వ్యాపారం కోసం పాండిచ్చేరికి వచ్చి, కొంతకాలానికే కొట్టు వదిలి మైసూరులో హైదర్ అలీ దగ్గరున్న ఫ్రెంచి దళంలో చేరాడు. బొబ్బిలి యుద్ధంతో తెలుగువారికి పరిచితుడైన బుస్సీ 1783లో మళ్లీ భారతదేశానికి వచ్చినప్పుడు ఆయన దగ్గర సహాయకాధికారి అయ్యాడు. 1785లో బుస్సీ మరణించాడు. మరుసటి ఏడాది రేమండ్ నిజాం కొలువులో చేరాడు.

మొదట చేతికి వచ్చింది కొన్ని వందల మంది సిపాయిలు మాత్రమే. పదేళ్లు గడిచేసరికి ఆ దళం పది వేలు దాటింది. పైన ఫ్రెంచి అధికారులు, కింద దేశీయ సిపాయిలు. కవాతు, తుపాకీ శిక్షణ యూరపు పద్ధతిలో సాగేవి. జీతాల ఖర్చుకు నిజాం మెదక్ ప్రాంతాన్ని జాగీరుగా ఇచ్చాడు. ఫిరంగులు, తుపాకులు బయట కొనే అవసరం తగ్గించేందుకు రేమండ్ నగరంలోనే పోత కర్మాగారం పెట్టించాడు. ఫతేమైదాన్ దగ్గరి గన్‌ఫౌండ్రీ అదే. మెచ్చిన నిజాం ఆయనకు బిరుదులిచ్చి ఉమరాల సరసన కూర్చోబెట్టాడు.

ఆయన సైనిక జీవితంలో ముఖ్య ఘట్టం 1795 మార్చిలో మరాఠాలతో జరిగిన ఖర్దా యుద్ధం. ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ జాన్ షోర్ నిజాంకు అండగా నిలవలేదు. యుద్ధరంగంలో రేమండ్ దళాలు చెదరకుండా నిలిచాయి. అయినా నిజాం భయపడి వెనక్కి తగ్గి ఖర్దా కోటలో తలదాచుకున్నాడు. చివరికి దౌలతాబాదుతో పాటు మరికొంత రాజ్యం వదులుకుని, 3 కోట్ల రూపాయలు చెల్లించేందుకు ఒప్పుకుని, దివాను అజీముల్ ఉమరాను పూనాకు బందీగా పంపాల్సి వచ్చింది. ఓటమి నిజాందే గాని రేమండ్ సిపాయిలది కాదని చెప్పడం న్యాయం.

ఖర్దా తర్వాత నిజాం కంపెనీ పటాలాలను సాగనంపి రేమండ్ బలాన్ని పెంచాడు. ఆ ఏడాదే నిజాం కొడుకు అలీ జా తిరగబడితే రేమండ్ అతన్ని పట్టుకున్నాడు. రాజధానికి తెస్తుండగా దారిలోనే అలీ జా ప్రాణం తీసుకున్నాడు. రేమండ్ పటాలాలు ఫ్రెంచి రిపబ్లిక్ జెండా ఎత్తడం కంపెనీవారికి కంటగింపైంది.

రేమండ్ 1798 మార్చి 25న మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న ప్రచారం ఉంది, రుజువు లేదు. ఆయన స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆ పట్టు లేదు. అదే ఏడాది సెప్టెంబరు 1న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకుని ఫ్రెంచి అధికారులను తొలగించడానికి ఒప్పుకున్నాడు. అక్టోబరులో జీతాల బకాయిల కోసం సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడ్డారు. రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఆ అదను చూసి, 22న కంపెనీ పటాలాలతో శిబిరాన్ని చుట్టుముట్టించాడు. నెత్తురు చుక్క చిందకుండా వేల మంది ఆయుధాలు దించారు. నిజాంకు సొంత సైనిక బలం ఆ రోజుతో పోయింది.

అక్కడి నుంచి రక్షణ భారం కంపెనీ సహాయక సైన్యానిది. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన వెలసిన దాని దండుకు 1806లో మూడో అసఫ్ జా పేరిట సికింద్రాబాదు అని పేరు పెట్టారు.

ముస్లిములు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని రేమండ్‌ను పిలుచుకున్నారు. మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్‌లో గుట్ట మీద ఆయన సమాధి ఉంది. దాని మీద సుమారు 7 మీటర్ల ఎత్తున రాతి స్తంభం నిలబెట్టారు. వర్ధంతినాడు అక్కడ ఏటా ఉర్సు జరిగేది. 2001 అక్టోబరులో సమాధి ఎదుటి మంటపం కూలిపోగా, తర్వాత తిరిగి కట్టారు.