దారి ఉందని తెలిశాక పద్దెనిమిదేళ్లు

జాక్ ఎడ్మండ్స్‌కు పీహెచ్‌డీ లేదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ ముగించి, తిన్నగా ఉద్యోగంలో చేరిపోయారు. పోనీ అదేమైనా పేరుమోసిన గణితశాఖా అంటే కాదు, నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. అమెరికా వాళ్ల తూనికలు, కొలతల సంస్థ. కిలో రాయి కిలో తూగుతోందా, మీటరు బద్ద మీటరుందా అని చూసుకునే చోటు. అక్కడ ఆలన్ గోల్డ్‌మన్ అనే పెద్దమనిషి చేతికింద ఆపరేషన్స్ రీసెర్చ్ విభాగం ఒకటుండేది. అందులో పాతికేళ్ల వయసులో కూర్చుని ఎడ్మండ్స్ చేసిన పని తర్వాతి అరవై ఏళ్ల కాంబినటోరియల్ ఆప్టిమైజేషన్‌కు పునాది అయింది. మన దగ్గరైతే ఆ అర్హతలతో లెక్చరర్ ఇంటర్వ్యూకి కూడా పిలుపు రావడం కష్టం.

ఎమ్మెస్సీ పిల్లలకు నేను ఏళ్ల తరబడి ఆపరేషన్స్ రీసెర్చ్ చెప్పాను. అసైన్‌మెంట్ ప్రాబ్లమ్ వస్తే వాళ్లకి పండగే. అడ్డవరసల్లో చిన్న అంకె తీసెయ్యడం, నిలువు వరసల్లోనూ తీసెయ్యడం, సున్నాలన్నీ కప్పేలా అతి తక్కువ గీతలు గియ్యడం. మార్కులు చేతిలో పడ్డట్టే. ఆ గీతలు ఎందుకు గీస్తున్నామని అడిగినవాళ్లు అరుదు. వాటి వెనక 1931లో కోనిగ్, ఎగెర్వారీ అనే ఇద్దరు హంగేరియన్లు రుజువు చేసిన సిద్ధాంతం ఉంది. దాన్ని చేతితో చేసే పద్ధతిగా 1955లో మలిచి, వాళ్ల మీది గౌరవంతో హంగేరియన్ పద్ధతి అని పేరుపెట్టినవారు హెరాల్డ్ కూన్.

అయితే మనుషులు ఒకవైపు, పనులు ఒకవైపు ఉన్నంతవరకే ఆ పద్ధతి సాగుతుంది. హాస్టల్లో గదికి ఇద్దరు చొప్పున పిల్లల్ని సర్దాలనుకోండి. ఎవరికి ఎవరితో పడుతుందో జాబితా ఉంది. వీలైనంతమందికి జతలు కుదర్చాలి. ఇక్కడ రెండు వైపులంటూ లేవు, అందరూ ఒక్క తాటివాళ్లే. ఇరవైమంది ఉండి, అందరికీ అందరితో పడితే జతలు కట్టే తీరులు 65 కోట్లు దాటుతాయి. నలభైమందైతే ఆ సంఖ్యకు 24 అంకెలు. ఒక్కొక్కటీ రాసి చూసుకునే పని కాదు.

అందరికీ జతలు ఎప్పుడు కుదురుతాయో టట్ అనే గణితవేత్త 1947లోనే తేల్చారు. ఉన్న జతల్ని ఇంకా పెంచగలమా లేదా అన్నదానికి క్లోద్ బెర్జ్ 1957లో గుర్తు చెప్పారు. మనిషికో బిందువు పెట్టి, ఒకరితో ఒకరికి పడే ఇద్దరి మధ్య గీత గీసుకోండి. జత లేని ఒకరి దగ్గర బయలుదేరి, జతలో లేని గీత, ఉన్న గీత, లేని గీత అంటూ మారుస్తూ జత లేని ఇంకొకరి దగ్గర తేలే బాట దొరికితే, దాని పొడవునా ఉన్నవీ లేనివీ తారుమారు చేస్తే ఒక జత పెరుగుతుంది. అలాంటి బాట లేకపోతే ఉన్నదే గరిష్ఠం. అంతా బాగానే ఉంది, ఆ బాటను వెతకడమెలా? ఒకరితో ఒకరికి పడే ముగ్గురు ఎదురైతే చాలు, వెతుకులాట తడబడుతుంది. బేసి సంఖ్య గల చక్రంలో ఒకే మనిషి దగ్గరికి సరి అడుగుల్లోనూ రావచ్చు, బేసి అడుగుల్లోనూ రావచ్చు. ఏది లెక్కలోకి తీసుకోవాలో తెలియదు.

1961 వేసవిలో కాలిఫోర్నియా, శాంటా మోనికాలోని రాండ్ కార్పొరేషన్ ఒక వర్క్‌షాప్ పెట్టింది. డెల్బర్ట్ ఫల్కర్సన్ లాంటి ఉద్దండులు పనిచేసే చోటది. అందరికన్నా చిన్నవాళ్లలో ఒకరైన ఎడ్మండ్స్ అక్కడ ప్రసంగించాల్సి ఉంది. ఆ ప్రసంగం దగ్గరపడ్డ రోజుల్లోనే ఉపాయం తట్టింది: బేసి చక్రం ఎదురైతే దాంతో పోట్లాడకు, మొత్తాన్ని ముడిచి ఒక్క బిందువు చేసెయ్. వెతుకులాట సాగించు. బాట దొరికాక ముడి విప్పు. చక్రంలో ఎటు తిరగాలో అప్పుడు దానంతటదే తెలుస్తుంది. బోర్డు మీద నేను ఇది చెప్పినప్పుడు మొదట పిల్లలెవరూ నమ్మేవారు కాదు. ముడిచినప్పుడు సమాచారం పోదా అని అడిగేవారు. సరైన ప్రశ్నే. పోదని చూపించడానికే ఒక క్లాసంతా పట్టేది.

ఆ పేపర్ 1965లో కెనడియన్ జర్నల్ ఆఫ్ మ్యాథమాటిక్స్‌లో వచ్చింది. బాటలు, చెట్లు, పువ్వులు అని దాని పేరు. కాడతో కలిసిన ఆ బేసి చక్రమే పువ్వు. ఫలితం సరే, నేను పదేపదే తిరగేసేది దాని రెండో భాగాన్ని. అసలు విషయం పక్కనపెట్టి ఎడ్మండ్స్ అక్కడ ఒక సంజాయిషీ రాసుకున్నారు. పరిమితమైన అడుగుల్లో తేలే లెక్కే కదా, ఇందులో గొప్పేముంది అని ఆనాటి గణితవేత్తలు అడుగుతారని ఆయనకు తెలుసు. 24 అంకెల సంఖ్య కూడా పరిమితమే మరి. అందుకని, సమస్య పెరిగేకొద్దీ శ్రమ ఘాతాంకంగా పెరిగే పద్ధతి వేరు, బహుపదిలా పెరిగే పద్ధతి వేరు, ఈ తేడాను గణితం పట్టించుకుని తీరాలి అని వాదించారు. తన పద్ధతికి శ్రమ బిందువుల సంఖ్య నాలుగో ఘాతానికి లోబడి ఉంటుందని చూపించారు. రెండేళ్లకు, 1967లో, ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్యకు అలాంటి మంచి పద్ధతి ఉండదనే తన అనుమానాన్ని అచ్చులోకి ఎక్కించారు. అలాంటి కష్టమైన సమస్యల గురించి కుక్, కార్ప్‌ల ఎన్‌పీ కంప్లీట్ భావన 1971, 72ల నాటిది. ఆ భావన పుట్టకముందే ప్రశ్న పుట్టింది, అదీ తూనికలు కొలతల ఆఫీసులో!

1964లో అదే ఆఫీసులో మాట్రాయిడ్ల (వెక్టార్ల స్వతంత్రత లాంటి గుణాన్ని సాధారణీకరించే నిర్మాణాల) మీద సదస్సు జరిగింది. 1935లో హాస్లర్ విట్నీ కనిపెట్టిన మాట్రాయిడ్లను మధ్యలో టట్ తప్ప పట్టించుకున్నవాళ్లు తక్కువ. అక్కణ్ణుంచి ఎడ్మండ్స్ సబ్‌మాడ్యులర్ ఫంక్షన్ల దగ్గరికి వచ్చారు. చీకటి వీధిలో మొదటి దీపం పెడితే చాలా మేర వెలుగొస్తుంది. ఇప్పటికే పది దీపాలున్నప్పుడు అదే దీపాన్ని అదే చోట పెడితే కొత్తగా వెలుగు పడే మేర తగ్గుతుందేగాని పెరగదు. ఉన్నవి పెరిగేకొద్దీ, కొత్తగా చేరేదాని లాభం పెరగకుండా ఉండటమే సబ్‌మాడ్యులర్ గుణం. అంతకుముందే షోకే కెపాసిటీల సిద్ధాంతంలో ఈ గుణం కనిపించింది. 1971లో లాయడ్ షాప్లీ కుంభాకార ఆటల్లో దీన్నే తలకిందులుగా వాడారు. 1969లో కాల్గరీ సమావేశంలో ఎడ్మండ్స్ చదివి, మరుసటి ఏడు అచ్చయిన పేపర్ ఈ గుణానికి జ్యామితి ఇచ్చింది. ఇలాంటి ప్రతి ఫంక్షన్‌కూ ఒక బహుఫలకం ఉంటుందని, దాని మీద ఎప్పటికప్పుడు కళ్లెదుట ఉన్న మేలైనదాన్ని అందుకుంటూ పోయే ఆశపోతు పద్ధతే అత్యుత్తమ బిందువుకు చేరుస్తుందని చూపించింది.

1969లోనే ఆయన కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. కాంబినటోరిక్స్ అండ్ ఆప్టిమైజేషన్ అని ఏకంగా ఒక శాఖే అక్కడుంది. టట్ కూడా అప్పుడు అక్కడే. మన ఉప్పలూరి శివరామచంద్రమూర్తిగారిదీ అదే శాఖ. కలకత్తా ఐఎస్‌ఐలో సి.ఆర్. రావుగారి దగ్గర పీహెచ్‌డీ చేసిన మనిషి. 1976లో బాండీతో కలిసి ఆయన రాసిన గ్రాఫ్ థియరీ పుస్తకంతోనే మా తరం ఆ సబ్జెక్టులో ఓనమాలు దిద్దుకుంది.

ఇక మిగిలింది కనిష్ఠం. సబ్‌మాడ్యులర్ ఫంక్షన్ విలువ ఏ ఉపసమితి దగ్గర అతి తక్కువ? నూరు వస్తువులుంటే ఉపసమితుల సంఖ్యకు 31 అంకెలు. ఒక బిందువు ఆ బహుఫలకంలో ఉందో లేదో తేల్చడమూ ఈ ప్రశ్నలోకే దిగుతుంది కాబట్టి తప్పించుకునే వీల్లేదు. 1979లో సోవియట్ యూనియన్‌లో ఖచియాన్ ఎలిప్సాయిడ్ పద్ధతితో లీనియర్ ప్రోగ్రామింగ్ బహుపది కాలంలో తేలుతుందని రుజువు చేశారు. 1981లో గ్రోషెల్, లోవాస్, ష్రైవర్ అదే పద్ధతితో ఈ కనిష్ఠాన్నీ తేల్చారు. సిద్ధాంతం దృష్టిలో ప్రశ్న తీరిపోయింది. కాని సమాధానాన్ని గుడ్డులాంటి ఆకారంలో బంధించి, దాన్ని అంతకంతకూ కుదిస్తూ పోయే ఈ పద్ధతిలో ఫంక్షన్ గుణం ఎక్కడా కళ్లబడదు. పైగా కంప్యూటర్ మీద నత్తనడక. దారి ఉందని తెలిసింది, నడిచే కాళ్లు లేవు.

ఈ కథలో నాకు బాగా నచ్చేది బహుమానమేదీ రాని 1985. ఎడ్మండ్స్ శిష్యుడు విలియం కన్నింగ్‌హామ్, గురువుగారి బహుఫలకం శిఖరాల మధ్య మార్పిళ్లు చేస్తూ కనిష్ఠానికి దిగే పద్ధతి ఇచ్చారు. ఒక్కటే లోటు. ఫంక్షన్ విలువలు పెద్దవైతే శ్రమ కూడా పెరుగుతుంది. ఆ లోటు తీరడానికి 1999 రావాల్సి వచ్చింది. నెదర్లాండ్స్‌లో ష్రైవర్ ఒకవైపు, ఇవాటా, ఫ్లైషర్, ఫుజిషిగే ముగ్గురూ ఇంకోవైపు, ఎవరి దారిన వాళ్లు, దాదాపు ఒకేసారి సాధించారు. రెండు జట్లూ నిలబడింది కన్నింగ్‌హామ్ వేసిన మెట్టు మీదే. 2003లో రెండు జట్లకీ ఫల్కర్సన్ బహుమతి వచ్చింది. రాండ్‌లో పనిచేసిన ఆ ఫల్కర్సన్ పేరు మీదే.

దీపాలు ఎక్కడ పెట్టాలన్నది కనిష్ఠం కాదు, గరిష్ఠం. అక్కడ కథ వేరు. 1978లో నెమ్‌హౌసర్, వోల్సీ, ఫిషర్ చూపినట్టు, ఇన్ని దీపాలే అని పరిమితి ఉన్నప్పుడు ఆశపోతు పద్ధతి అత్యుత్తమంలో కనీసం 63 శాతం తెచ్చిపెడుతుంది. అంతకు మించి హామీ ఇవ్వగల వేగమైన పద్ధతి, పీ (బహుపది కాలంలో తేలే సమస్యలు), ఎన్‌పీ (జవాబిస్తే బహుపది కాలంలో సరిచూడగలిగేవి) ఒకటే అయితే తప్ప, లేదని 1998లో ఫీగే తేల్చారు.

కనిష్ఠానికైనా, కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు ఎక్కువగా వాడింది బహుమతి పొందిన పద్ధతుల్ని కాదు. బహుఫలకంలో మూలబిందువుకు అతి దగ్గరి బిందువును, 1976 నాటి ఫిలిప్ వుల్ఫ్ పద్ధతితో వెతకమన్న ఫుజిషిగే పాత ఉపాయాన్ని. వాడుకలో అది జోరుగా నడిచేది. ఎంత కాలంలో ఆగుతుందో మాత్రం చాలా ఏళ్లు ఎవరూ రుజువు చేయలేదు. 2014లో చక్రవర్తి, జైన్, కొఠారీ అనే ముగ్గురు దానికో హద్దు కట్టారు. వారిలో చక్రవర్తి, జైన్ అప్పుడు బెంగళూరులో పనిచేస్తున్నారు. ఆ హద్దు కూడా ఫంక్షన్ విలువల సైజు మీద ఆధారపడేదే, 1985లో కన్నింగ్‌హామ్‌కు అడ్డుపడ్డట్టే.