చవితి చంద్రుడూ, ఆరుగురు ఋషిపత్నులూ

హాలోవీన్ రాత్రి అల్లరి గురించి ఎక్కడ చదివినా నాకు మన వినాయక చవితి గుర్తుకొస్తుంది. గుమ్మడికాయ దీపాలూ దయ్యాల వేషాలూ కాదు నేను అనేది, వాటి వెనకున్న పాత అలవాటు. ఏడాదికి ఒక్క రాత్రి కుర్రాళ్ళు ఊరి మీద పడి గేట్లు ఊడబీకడం, తలుపులు తట్టి పారిపోవడం, పెద్దలు తిట్టుకుంటూనే చూసీచూడనట్టు ఊరుకోవడం. అమెరికాలో ఈ అల్లరి శ్రుతి మించాక, 1930ల నుంచి పిల్లల చేతిలో మిఠాయి పెట్టి పంపించే పద్ధతి బాగా వ్యాపించింది. అయినా అణగలేదు. 1984లో డెట్రాయిట్ నగరంలో హాలోవీన్ రోజుల్లో 800కు పైగా అగ్నిప్రమాదాలు జరిగాయి.

మన దగ్గర అల్లరికి అలా అనుమతి ఉన్న రాత్రులు రెండు: భోగి ముందు రాత్రి, చవితి రాత్రి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో అరవై దాటిన స్త్రీలతో మాట్లాడుతూ నేను ఈ రెండింటి గురించీ అడుగుతూ వచ్చాను.

భోగి సంగతి త్వరగా చెప్పేస్తాను. మంట కోసం కర్రలు దొంగిలించడం మగపిల్లల హక్కు. విరిగిన మంచాలూ, బండి చక్రాలూ, దడులూ, ఒక్కోసారి ఏకంగా తలుపులూ పోతాయి. ఆడపిల్లలు మాత్రం నెల ముందునుంచీ పేడ తెచ్చి, పిడకలు చేసి, ఎండబెట్టి, దండలు గుచ్చుతారు. మంట ఇద్దరిదీ, కథలుగా చెప్పుకునేది మాత్రం దొంగతనాలే. రేపల్లె వైపు ఒకావిడ చెప్పింది విన్నాక నాకు ఆ కథలు అంత సరదాగా అనిపించడం లేదు. ఒంటరిగా ఉండే ఆడమనిషి దడి పీకడం తేలిక, అడగడానికి ఎవరూ రారు గనక. ఆ దడి పెరటి హద్దు మాత్రమే కాదు, ఆమె స్నానానికి ఉన్న చాటు కూడా.

చవితిది మరీ చిత్రమైన లెక్క. భాద్రపద శుద్ధ చవితి నాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయి. ఆ చంద్రుడేమో పొద్దుగూకగానే పడమట కనిపిస్తాడు, రెండు మూడు గంటల్లో అస్తమిస్తాడు, కాబట్టి పిల్లలు ఆడుకునే వేళలోనే ఉంటాడు. కథ విని అక్షతలు నెత్తిన వేసుకోవడం ఒక విరుగుడు. రెండోది పక్కింటి కప్పు మీద రాళ్ళు వేసి తిట్లు తినడం. రావలసిన నింద ఎలాగూ వచ్చేసింది కాబట్టి బాకీ తీరిపోతుంది! పెంకుటిల్లయితే చిన్న రాయికే ఖంగుమంటుంది. డాబాలు వచ్చాక రాయి పడ్డా లోపలివాళ్ళకు వినపడదు, తిట్టేవాళ్ళు లేక ఆచారం చాలాచోట్ల పలచబడింది.

మరి ఆడపిల్లలు చంద్రుణ్ణి చూస్తే? తమ పేరున తమ్ముళ్ళ చేత రాళ్ళు వేయించుకున్నామని బాపట్లలో ఇద్దరు చెప్పారు. కారణం నేను అడగకుండానే అన్నారు. రాయి వేసిన మగపిల్లాడు వెధవ, కోతి అనిపించుకుంటాడు, తెల్లారేసరికి అంతా మర్చిపోతారు. చీకటిపడ్డాక గోడ పక్కన నిలబడ్డ ఆడపిల్లకు పడే తిట్టు వేరు. అది బాకీ తీర్చదు, పెంచుతుంది.

ఆ రోజు ఇంటింటా చదివే వ్రతకథలో ఈ తేడా ముందే ఉంది, మనం వినీవినకుండా దాటేస్తాం. వినాయకుడి పొట్టను చూసి నవ్వింది చంద్రుడు. పార్వతి శపించింది ఆయన్నే. అయినా ఆ శాపం మొదట తగిలింది సప్తర్షుల భార్యలకు. అగ్ని వాళ్ళను చూసి మోహించాడు. స్వాహాదేవి అరుంధతి రూపం తప్ప తక్కిన ఆరుగురి రూపాలూ ధరించి అతన్ని చేరింది. అగ్నితో ఉన్నది తమ భార్యలేనని శంకించి ఋషులు వాళ్ళను వదిలేశారు. ఆ ఆరుగురూ చేసిన తప్పల్లా ఆకాశంకేసి చూడటం. ఆ తర్వాత నింద పడ్డవాడు కృష్ణుడు. పాలలో చంద్రబింబం చూశాడు, శమంతకమణి కోసం ప్రసేనుణ్ణి చంపాడన్నారు. ఆయన అడవికి వెళ్ళి, జాంబవంతుడితో పోరాడి, మణి తెచ్చి సత్రాజిత్తుకిచ్చాడు. జాంబవతీ సత్యభామా భార్యలయ్యారు. మగవాడి మీద పడ్డ నిందకు వెతుక్కుంటూ వెళ్ళే దారి ఉంది, చివర కల్యాణం ఉంది. ఋషిపత్నుల తరఫున మాత్రం బ్రహ్మ వచ్చి చెప్పాలి.

నవ్వు విషయంలోనూ అంతే. తెనాలి పేరు చెప్పగానే గుర్తొచ్చే రామకృష్ణుడు, కథల్లో, అన్నన్ని తలలున్న అమ్మవారికి జలుబు చేస్తే ఎలాగని ఆవిడ ఎదుటే నవ్వి వికటకవి అయ్యాడు. అలా నవ్వి బతికిపోయిన ఆడదాని కథ ఆ ప్రాంతంలో నాకింకా దొరకలేదు.

వ్రతకథలో బ్రహ్మ మాటతో ఋషులు సమాధానపడతారు. మహాభారతం అరణ్యపర్వంలో అలా కాదు. విడిచిపెట్టిన ఆరుగురూ తిరిగి ఆ ఇళ్ళకు వెళ్ళరు. కుమారస్వామి దగ్గరికి వెళ్ళి, తల్లులుగా తమకో స్థానం అడిగి, కృత్తికలై ఆకాశంలో ఉండిపోతారు. నింద తగలని అరుంధతిని పెళ్ళిలో కొత్త పెళ్ళికూతురికి చూపిస్తారు. ఆమె సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కనే ఉంటుంది. కృత్తికలు అక్కడికి చాలా దూరంగా, ఆరుగురూ ఒకేచోట గుత్తిలా ఉంటారు. కార్తీకమాసానికి ఆ పేరు వాళ్ళ వల్లే వచ్చింది. హాలోవీన్ కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. పున్నమినాడు చంద్రుడు వాళ్ళ దగ్గరికే వస్తాడు, ఆ చంద్రుణ్ణి చూడవద్దని ఎవరూ అనరు.