కాలవగట్టు కథ

మా ఊరి కాలవగట్టు రోడ్డుకి పోయిన వారం మళ్ళీ అతుకులు వేశారు. ఎవరో పెద్దమనిషి ఆ దారిన వస్తున్నాడని కబురొచ్చింది లెండి. తెల్లారేసరికి ఓ ట్రాక్టరూ, నలుగురు కూలీలూ, ఓ తారు పీపా దిగాయి. గుంతల్లో నీళ్ళు తోడిన పాపాన పోలేదు. అందులోనే ఇంత కంకర పోసి, పైన తారు చిలకరించి, పార తిరగేసి నాలుగు దెబ్బలు వేశారు. మూడో రోజున వానొచ్చింది. నాలుగో రోజుకి కంకర అంచులకి చేరింది, గుంత తన చోటుకి తను వచ్చేసింది.

నవ్వొచ్చే సంగతే గానీ, మా ఇంట్లో నవ్వడానికి లేదు. నెలన్నర కిందట మా పిన్ని ఎక్కిన ఆటో చక్రం ఆ గుంతల్లోనే దిగబడి, ఆవిడ మణికట్టు విరిగింది. ఆసుపత్రి ఆరు కిలోమీటర్లు. విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అదే రోడ్డు మీద వెళ్ళాలి కదా! గుంత వచ్చినప్పుడల్లా ఆవిడ "రామచంద్రా" అనేది. ఎన్నిసార్లు అందో లెక్కపెట్టడం నావల్ల కాలేదు.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఈ రోడ్డు ఎందుకిలా తగలడిందో తవ్వి చూడాలనిపించింది. తవ్వితే ఏం తేలిందంటే, అది అసలు రోడ్డుగా పుట్టనే లేదు!

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడని చిన్నపిల్లలకీ తెలుసు. ఆయన తవ్వించిన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే అనుకుంటాం. సరుకులు మొయ్యడానికి కూడా. బరువు లాగాలంటే రైలు కన్నా, రోడ్డు కన్నా నీళ్ళే చవక అని ఆయన జీవితమంతా వాదించాడు. అందుకే కాలవల మీద లాకులు కట్టించారు, పడవలు ఎక్కడానికీ దిగడానికీ. గోదావరి కాలవ ఏలూరు దగ్గర కృష్ణ కాలవతో కలిసింది. బెజవాడ దాటితే కొమ్మమూరు కాలవ, అక్కణ్ణించి బకింగ్‌హామ్ కాలవ. 1876-78 కరువులో ఆకలి కూలీల చేత తవ్వించిన భాగం కూడా అందులో ఉంది. కాకినాడలో పడవెక్కినవాడు మద్రాసులో దిగేవాడన్నమాట. మా అమ్మమ్మ పెళ్ళికి మగపెళ్ళివారు పడవలోనే వచ్చారట, సన్నాయి మేళంతో సహా. లాకుల దగ్గర ఆలస్యమై ముహూర్తం దాటిపోతుందేమోనని మా ముత్తాత గట్టు మీద పరుగులు పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ గట్టే ఇప్పటి మా రోడ్డు. కాలవ తవ్వినప్పుడు వచ్చిన నల్లమట్టిని పక్కన పోస్తే గట్టయింది. గాలి పడిపోతే పడవవాళ్ళు గట్టు మీద నడుస్తూ తాడు కట్టి పడవని లాక్కుపోయేవారు. మనిషి పాదానికి సరిపడా దారి అది. ఆ తర్వాత 1890లలో కోస్తా రైలొచ్చింది, ఆ తర్వాత బస్సులొచ్చాయి. పడవలు మూలపడ్డాయి. గట్టు మీద గ్రావెల్ పరిచారు, దాని మీద కంకర, దాని మీద తారు. ఇవాళ దాని మీద ధాన్యం లారీలు, ఇసుక లారీలు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే చేపల లారీలు!

స్కాట్లండు దేశస్థుడు మెకాడమ్ 1816లో రోడ్ల మీద రాస్తూ ఒక సంగతి తేల్చి చెప్పాడు. బరువు మోసేది పైన పరిచిన రాయి కాదు, కింద ఉన్న నేల. అది పొడిగా ఉన్నంత కాలం ఎంత బరువైనా మోస్తుంది, తడిసిందా కుంగిపోతుంది. రాళ్ళు పరిచేది ఆ నేలకి గొడుగు పట్టడానికే. మరి మా రోడ్డుకి ఒక పక్క కాలవ, రెండో పక్క చేపల చెరువులు. నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దానికి గొడుగు ఎవరు పట్టాలి? గట్టు ఒకరిదిట, గట్టు మీది తారు ఇంకొకరిదిట. ఒకరి దగ్గరికి వెళితే రెండోవారిని చూపిస్తారు.

గుంత పూడ్చడం బ్రహ్మవిద్యేం కాదు. పాడైనంత మేరా నలుచదరంగా చెక్కి, గట్టి నేల తగిలేదాకా తీసి, ఆరబెట్టి, అంచులకి తారు పూసి, పొరలు పొరలుగా నింపి రోలరు తిప్పాలి. ఇది తెలియని మేస్త్రీ ఉండడు.

డబ్బు లేదంటారా? మద్రాసు రాష్ట్రంలో రోడ్ల కోసం భూమి మీద సెస్సు 1866లోనే వేశారు. 1871లో లోకల్ ఫండ్ చట్టం వచ్చింది. 1929 నుంచి పెట్రోలు మీద కూడా రోడ్ల కోసమని అదనపు సుంకం వసూలు చేశారు. మా ముత్తాత శిస్తుతో పాటు కట్టాడు, నేను నా స్కూటరుకి పెట్రోలు పోయించుకుంటూ కడుతున్నాను.

నిరుడు శ్రావణంలో మా వీధి ఆడవాళ్ళం విసిగిపోయి, ఆకుమడి నుంచి నారు తెచ్చి ఆ గుంతల్లో ఊడ్చాం. నవలలు రాసుకునే నాకు నాటు వెయ్యడం ఎక్కడొచ్చు! నా వరస వంకర పోయిందని కూలికెళ్ళే ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. పేపర్లో ఫోటో పడింది. మర్నాడు ట్రాక్టరొచ్చింది. నారు పీకనైనా పీకకుండా దాని మీదే కంకర గుమ్మరించి వెళ్ళిపోయారు. నాలుగు వానలు పడి కంకర కొట్టుకుపోయాక చూస్తే, ఒక మూల రెండు దుబ్బులు పచ్చగా లేచి నిలబడ్డాయి.

పిన్నికి ఈ కథంతా చెప్పాను. "ఆ పడవలే నయం కదే" అంది. లాకులు తుప్పు పట్టాయనీ, కాలవ నిండా గుర్రపుడెక్క పెరిగిందనీ చెప్పాను. రేపు కట్టు విప్పించడానికి ఆసుపత్రికి వెళ్ళాలి. ఆటో మాట ఎత్తితే ఒప్పుకోవడం లేదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గట్టు వెంట నడిచి వెళదామంటోంది, ఆ ఆరు కిలోమీటర్లూ.