నట్టల మందు వెనుక కథ

పల్లెల్లో ఒకప్పుడు పశువు కడుపులో నట్టలు పడ్డాయంటే మోదుగ గింజలు నూరి, వెదురు గొట్టంతో గొంతులో పోసేవారు.

1938లో అమెరికా పరిశోధకులు ఫీనోథయాజీన్ నట్టలను చంపుతుందని తేల్చారు. మందు మంచిదే, కానీ తాగిన ఆవు మూత్రం ఎర్రబడేది, పాలు ఒక్కోసారి గులాబీ రంగు తిరిగేవి. పాలమ్ముకునేవాడికి ఇంతకంటే తలనొప్పి ఉంటుందా? 1961లో థయాబెండజోల్ వచ్చి ఆ బెడద తీర్చింది. కొన్నేళ్లకే దానికి లొంగని నట్టలు గొర్రెల్లో కనిపించాయి.

అసలు మలుపు జపాన్‌లో, ఒక గోల్ఫ్ మైదానం పక్కన. కవానా దగ్గర సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవిని అమెరికాలోని మెర్క్ కంపెనీకి పంపారు. అక్కడ విలియం క్యాంప్‌బెల్ బృందం నట్టలున్న ఎలుకల మీద దాని శక్తిని పరీక్షించింది. అలా పుట్టిన ఐవర్‌మెక్టిన్ 1981లో పశువైద్యంలోకి వచ్చింది. ఇద్దరికీ 2015లో నోబెల్ దక్కింది.

ఇంత గొప్ప మందుకూ పాడి దగ్గరే చిక్కు: అది పాలలోకి దిగుతుంది. అందుకే అమెరికాలో పాలిచ్చే ఆవులకు దాన్ని అనుమతించలేదు. అదే కుటుంబానికి చెందిన ఎప్రినోమెక్టిన్‌కు 1997లో అక్కడ అనుమతి దొరికింది. దాన్ని వెన్ను మీద పోస్తే చాలు, పాలు ఒక్కపూటైనా పారబోయనక్కర్లేదు.