భవానీపూర్ కుళాయిలో క్లోరిన్: కొలత వెనక చరిత్ర

నగరాల చరిత్ర చదివేటప్పుడు మనం ట్యాంకులు, పైపులైన్లు, అవి మొదలైన సంవత్సరాలు నోట్సులో రాసుకుని ముందుకెళ్లిపోతాం. ఆ నీరు తాగొచ్చని ఎవరు తేల్చారు, దేనితో తేల్చారు అని అడగం. కోల్‌కతాలోని భవానీపూర్ దగ్గర నిలబడి ఒకసారి అడిగి చూడండి.

భవానీపూర్ ఒకప్పుడు కలకత్తాకు దక్షిణ శివారు. 1888లో నగర మునిసిపాలిటీలో కలిసింది. అంతకు నాలుగేళ్ల ముందే రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని గుర్తించాడు. అప్పటికే పల్తాలో హుగ్లీ నీటిని ఇసుక పడకల మీద వడగట్టి నగరానికి పంపుతున్నారు. 1911లో తాలా ట్యాంకు వచ్చింది. నేలకు సుమారు 110 అడుగుల ఎత్తున నిలిపిన ఉక్కు ట్యాంకు, 90 లక్షల గ్యాలన్లు పడుతుంది. ప్రిలిమ్స్‌కి ఇంతవరకు చాలు.

మెయిన్స్‌కి చాలదు. నీళ్లు రోజంతా రాని చోట సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పాత పైపుకు చిల్లుంటే పక్కనున్న మురుగును లోపలికి లాక్కుంటుంది. పైగా కోల్‌కతాలో వీధులు కడగడానికి వడగట్టని గంగ నీరు వేరే పైపుల్లో నడిచేది. అందుకే ప్లాంటులో శుద్ధి చేస్తే సరిపోదు, కొంత క్లోరిన్ చివరి కుళాయి దాకా మిగలాలి. దీన్నే అవశేష క్లోరిన్ అంటారు. మన ఐఎస్ 10500 ప్రమాణం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలంటుంది. వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే 0.5.

అమెరికాలో జెర్సీ సిటీ నీటికి క్లోరిన్ కలపడం 1908 సెప్టెంబరు 26న మొదలైంది. సరిగ్గా రెండు రోజులకు హైదరాబాద్‌ను మూసీ ముంచింది. రెంటికీ సంబంధం లేదు, తేదీ గుర్తుండటానికి చెప్తున్నా. కలపడం వచ్చాక కొలవడం రావాలి కదా. 1913లో ఆర్థోటొలిడిన్ పద్ధతి వచ్చింది, నీరు పసుపు రంగుకు తిరిగేది. ఆ రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదని తేలి క్రమంగా పక్కకు పోయింది. 1957లో పాలిన్ అనే శాస్త్రవేత్త డీపీడీ పద్ధతి తెచ్చాడు, ఇందులో గులాబీ రంగు వస్తుంది. ఆన్‌లైన్ అనలైజర్లలో ఒక రకం చేసేది ఇదే పని. మనిషి సీసాతో వెళ్లనక్కర్లేకుండా కొన్ని నిమిషాలకోసారి తానే నీరు తీసుకుని, రసాయనం కలిపి, రంగు చదువుతుంది. ఇంకో రకం ఎలక్ట్రోడుతో కొలుస్తుంది.

ఇప్పుడు మీరే ఆపరేటర్ అనుకోండి. తెర మీద సున్నా కనిపించింది. వెంటనే డోసు పెంచుతారా?

ఆగండి. ముందు యంత్రంలోకి నీరు సరిగా వస్తోందో, గాలి బుడగలున్నాయో చూడాలి. తర్వాత అదే గొట్టం నుంచి నీరు పట్టి చేతి కిట్‌తో పరీక్షించాలి. అందులో మామూలుగా గులాబీ రంగు వస్తే తప్పు యంత్రానిది: రసాయనం అయిపోయి ఉంటుంది, లేదా కొలిచే గాజు గదికి మరక పట్టి ఉంటుంది. రంగు ఒక్క క్షణం మెరిసి మాయమైతే మాత్రం అసలు చిక్కు అదే. క్లోరిన్ మరీ ఎక్కువైనా డీపీడీ రంగు వెలిసిపోయి సున్నాలాగే కనిపిస్తుంది. నమూనాను క్లోరిన్ లేని స్వేదన జలంతో పలుచన చేసి మళ్లీ చూడాలి. ఇది తెలియని ఆపరేటర్ ఎక్కువైన దాన్ని ఇంకా పెంచుతాడు. అసలు రంగే రాకపోతే క్లోరిన్ నిజంగానే లేదు. డోసు ఆగిందో, పైపులోకి మురుగు చేరిందో వెంటనే వెతకాలి.

ఎలక్ట్రోడు రకానికి పీహెచ్ పేచీ. పీహెచ్ పెరిగితే క్రిములను బాగా చంపే హైపోక్లోరస్ ఆమ్లం తగ్గుతుంది, 7.5 దగ్గర దాదాపు సగమే ఉంటుంది. పీహెచ్ సవరణ లేని పరికరంలో క్లోరిన్ అంతే ఉన్నా అంకె పడిపోతుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది. ఆక్సీకరణం చెందిన మాంగనీస్ నీటిలో ఉంటే డీపీడీ క్లోరిన్ లేకున్నా గులాబీ రంగు చూపి లేని భరోసా ఇస్తుంది. మురుగు కలిస్తే అందులోని అమ్మోనియా స్వేచ్ఛా క్లోరిన్‌ను పట్టుకుని క్లోరమైన్‌గా మార్చేస్తుంది. అప్పుడు మొత్తం క్లోరిన్ అంకె ఒక్కటే చూసేవాడికి అంతా బాగున్నట్టే ఉంటుంది.

పట్టణ నీటి సరఫరా ప్రశ్నకు "ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలి" అని రాసి ఆపేసే జవాబులు చాలా చూశాను. ట్యాంకు గేటు దగ్గరా, భవానీపూర్ సందులో ఆఖరి కుళాయి దగ్గరా? ఏ క్లోరిన్ కొలుస్తుంది, చేతి కిట్‌తో ఎన్నాళ్లకోసారి సరిచూస్తారు? ఆ రెండు వాక్యాలు కూడా రాయండి.